వ్రేలి కీలు తప్పుట: గుర్తించు విధము, చికిత్స
(కోయంబత్తూరు, మధుర సీమల తెలుగువారి వాడుకను బట్టి)

కోయంబత్తూరు, మధుర సీమలలో తరతరములుగా కాపురమున్న తెలుగువారి యిండ్లలో వ్రేలికి దెబ్బ తగిలి పిల్లవాడు ఏడ్చుచు వచ్చినచో పెద్దల నోట మొదట వెలువడు మాట 'సుళుక్కు'. ఇది తమిళపదము, మన 'బెణుకు'నకు సరియైనది. ఇంట తెలుగు మాటలాడువారును ఈ విషయమున తమిళపదమునే వాడుట వలన భాషకు కలిగిన నష్టము స్వల్పమే కాని, వ్రేలికి కలుగు నష్టము స్వల్పము కాదు. తెలుగున బెణుకుట వేఱు, కీలు తప్పుట వేఱు, ఎముక విఱుగుట వేఱు. తమిళమున సైతము సుళుక్కు వేఱు, మూట్టు విలగుట వేఱు, ఎలుంబు ముఱివు వేఱు. రెండు భాషలలోను గల యీ భేదము వాడుకలో చెఱగిపోయి మూడును సుళుక్కే యైనవి. మాట యొక్కటి యగుటచే చికిత్సయు నొక్కటి యైనది: నూనె రాచి, వ్రేలిని పట్టి గుంజుట. బెణుకునకు గుంజుట యనవసరము. విఱిగిన యెముకకు అపాయము. తప్పిన కీలునకు ఒక్కొక్కప్పుడు మేలు, ఒక్కొక్కప్పుడు తీరని కీడు. ఏది యేదియో తెలియుట యెట్లు, తెలిసిన పిమ్మట చేయవలసిన దేమి యను నీ రెండు ప్రశ్నలే ఈ వ్యాసమునకు విషయము.

మధుర నాయకరాజ్యము 1529 ప్రాంతమున విశ్వనాథనాయకునితో నారంభమై 1736లో మీనాక్షిరాణితో ముగిసినది. ఆ రెండు శతాబ్దములలోను, అంతకు ముందు విజయనగర సేనల వెంటను దక్షిణమునకు వచ్చిన తెలుగువారిలో సైనికులు, పాళెగాండ్రు, కాపులు, నేతగాండ్రు, తోలుపనివారు మున్నగు పలుతెగల వారు కలరు. వారి సంతతిలో కమ్మవారు కోయంబత్తూరు నల్లరేగడి నేలలలో ప్రత్తి పండించి, ఇరువదవ శతాబ్దమున ప్రత్తిమిల్లులను నెలకొల్పిరి. రాజకంబళపు నాయకులు పశువుల మందలను, వాని చుట్టు నల్లుకొన్న వేడుకలను విడువలేదు. దేవాంగులు మగ్గమును విడువలేదు. అరుంధతీయులు తోలుపనియు, కమతములలో సేద్యపు పనియు చేసి, తరువాత మిల్లులకును, పురపాలక సంఘముల పారిశుద్ధ్యపు పనులకును పోయిరి. కులములు పెక్కైనను, పనులు పెక్కైనను, అందఱి జీవనమును పది వ్రేళ్ళమీదనే నిలిచినది. కావున ఒక కీలు వంగకపోవుట చిన్న సంగతిగా తలచుటకు వీలులేదు.

కీలు తప్పుటకు ఈ సీమలలో కలుగు కారణములు కొన్ని యందఱెఱిగినవే. సంక్రాంతి దినములలో అవనియాపురము, పాలమేడు, అలంగానల్లూరులలో జరుగు జల్లికట్టు వానిలో నొకటి. సుప్రీంకోర్టు 2014లో నిషేధించిన యీ క్రీడ, 2017లో తమిళనాడు శాసనసభ చేసిన సవరణచే మరల ఆరంభమైనది. ఆ సవరణ చెల్లునని 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. ఎద్దు మూపురమును కౌగిలించిన వాని వ్రేళ్ళు అది విదిలించినప్పుడు వెనుకకు విఱుచుకొనిపోవును. కొమ్ముపోటును చూచువారు పెక్కుమంది. వ్రేలిని చూచువారు లేరు. చెడుగుడు ఆటలో ఎదుటివాని అంగీలో చిక్కుకొన్న వ్రేలు, వాలీబాలు ఆటలో బంతి కొనకు తగిలిన వ్రేలు, క్రికెట్టు బంతిని పట్టబోయి తప్పిన వ్రేలు, మోటారుసైకిలు మీదనుండి పడుచు నేలకు చేయి ఆనించినవాని బొటనవ్రేలు, ఇవి సంవత్సరము పొడుగునను కలుగునవి. పశువుల పగ్గమును చేతికి మెలిక వేసి పట్టుకొను అలవాటు వీనికంటె చెడ్డది. దూడ బెదరి పరుగిడినప్పుడు ఆ మెలిక బిగిసి కీలును తప్పించుటయే కాక, ఒక్కొక్కప్పుడు వ్రేలినే ఊడబెఱుకును. పగ్గమును మడిచి పిడికిట పట్టవలెనే కాని వ్రేలికి చుట్టరాదు. మిల్లు యంత్రములలోను, పిండి రుబ్బు గ్రైండరు పట్టెలోను చిక్కుకొన్న వ్రేలి సంగతి వేఱు. అచ్చట కీలు తప్పుటతో పాటు మాంసము నలుగుట, ఎముక చితుకుట కూడ నుండును గనుక అట్టివానిని నేరుగా ఆస్పత్రికే చేర్చవలెను.

వ్రేలి నిర్మాణమును కొంచెము తెలిసికొన్నచో తక్కినది సులభముగా బోధపడును. ఒక చేతి వ్రేళ్ళలో మొత్తము పదునాలుగు ఎముకలు కలవు: బొటనవ్రేలికి రెండు, తక్కిన నాల్గింటికి మూడేసి. కావున నాలుగు వ్రేళ్ళలో ఒక్కొక్కదానికి మొదలు కీలు, నడిమి కణుపు, కొన కణుపు అని మూడు కీళ్ళు. బొటనవ్రేలికి మొదలు కీలు, కొన కణుపు మాత్రమే. మణికట్టు చెంత బొటనవ్రేలికి గుఱ్ఱపుజీను ఆకారమున నుండు మఱియొక కీలు కలదు. ఆ వ్రేలు అన్ని వ్రేళ్ళను ఎదుర్కొనగలుగుట దాని మహిమయే. ప్రతి కణుపునకును ఇరుప్రక్కల రెండు బంధములు, అఱచేతి వైపున ఒక దట్టమైన పలకవంటి పొర ఉండును. ఈ పొరను ఇచట 'అడుగుపలక' యందము. వ్రేలు వెనుకకు మితిమీఱి వంగకుండ ఆపునది యిదియే. వ్రేలు వెనుకకు విఱుచుకొనిపోయినప్పుడు మొదట తెగునదియు నిదియే. అడుగుపలక తెగి, పై యెముక క్రిందియెముక వీఁపు మీదికి ఎక్కి కూర్చుండుటను కీలు తప్పుట యందురు. నాలుగు వ్రేళ్ళలో తఱచుగా తప్పునది నడిమి కణుపు. తప్పి పోవుదిక్కు తఱచుగా వెనుకకు, అనగా చేతి వీఁపు వైపునకు.

గుర్తించుటకు మొదటి సాధనము కన్నే. రెండు చేతులను ప్రక్కప్రక్కన బోర్లించి చూడవలెను. కీలు తప్పిన వ్రేలు పొట్టిగా కనబడును; కణుపు వద్ద మెట్టువలె ఎత్తుపల్లములు తెలియును; లేదా వ్రేలు ప్రక్కకు ఒరిగియుండును. వాపు పూర్తిగా రాకముందే చూచిన యీ ఆకారము స్పష్టము. ఒక గంట గడచినచో వాపు దానిని కప్పివేయును. కనుక దెబ్బ తగిలిన వెంటనే చూచినవారు తాము చూచిన ఆకారమును జ్ఞాపకముంచుకొని వైద్యునకు చెప్పుట మేలు. నేటి దినములలో చేతిఫోనుతో ఒక ఫోటో తీసియుంచుట ఇంకను మేలు. రెండవది కదలిక. బెణికిన వ్రేలు నొప్పితోనైనను వంగును. తప్పిన కీలు వంగదు, వంచబోయిన అడ్డు తగిలినట్లుండును. మూడవది నొప్పి యుండు చోటు. కణుపు మీద కాక, రెండు కణుపుల నడుమ ఎముకపై నొక్కినచోట బాధ హెచ్చుగా నున్నచో ఎముక విఱిగినదని శంకింపవలెను. మెల్లగా పిడికిలి ముడిచినప్పుడు నాలుగు వ్రేళ్ళ కొనలును మణికట్టున బొటనవ్రేలి వైపునకు వాలుట సహజము. ఒక వ్రేలు ప్రక్కదానిపైకి అడ్డముగా ఎక్కినచో లోపల ఎముక విఱిగి మెలితిరిగినదని అర్థము.

కొన కణుపు విషయమున ఒక హెచ్చరిక యవసరము. బంతి తగిలిన పిమ్మట వ్రేలికొన తలవంచుకొని, ఎంత ప్రయత్నించినను పైకి లేవకున్నచో అది కీలు తప్పుట కాదు. కొనను పైకెత్తు కండరతాడు తెగుట. నొప్పి తక్కువగా నుండుటచే దీనిని ఉపేక్షించువారే హెచ్చు. ఆఱు మొదలు ఎనిమిది వారములు, రేయింబవళ్ళు, ఒక్కక్షణమైనను వంగనీయక కొనను నిటారుగా బద్దపై నుంచినచో ఇది చాలవఱకు శస్త్రములేకయే అతుకును. ఇదియును సుళుక్కే యని లాగించుకొన్నవారికి మిగులునది వంకరకొన. పిల్లల సంగతియు ప్రత్యేకమైనదే. ఎదుగు పిల్లల వ్రేళ్ళలో బంధములకంటె ఎముక పెఱుగు మెత్తని పొర బలహీనము. పెద్దవారికి కీలు తప్పునంతటి దెబ్బకు పిల్లలకు ఆ పొర చీలును. చూచుటకు కీలు తప్పినట్లే యుండును. కనుక పిల్లల వ్రేలిని ఇంట ఎన్నడును లాగరాదు.

బొటనవ్రేలిని గూర్చి విడిగా చెప్పవలసియున్నది. ఏకలవ్యుని కథ వినని తెలుగువాడు లేడు. గురుదక్షిణగా ద్రోణుడు కుడిచేతి బొటనవ్రేలినే కోరుటలోని మర్మము ధానుష్కునికే కాక, మగ్గము కడ కూర్చుండువానికి, కలము పట్టువానికి, దారపు కొనలను ముడివేయు మిల్లు పనివానికి కూడ తెలియును. ప్రభుత్వమును ఈ విలువను అంకెలలో కట్టినది. 1923 నాటి కార్మికుల పరిహారపు చట్టపు పట్టికలో బొటనవ్రేలు పోయినచో సంపాదనశక్తిలో నూటికి 30 వంతులును, దాని మొదటి యెముకతో సహా పోయినచో 40 వంతులును నష్టముగా లెక్కింపబడినవి. చూపుడువ్రేలు మొత్తము పోయినచో 14, నడిమివ్రేలికి 12, ఉంగరపువ్రేలికి గాని చిటికెనవ్రేలికి గాని 7 మాత్రమే. తప్పిన బొటనవ్రేలిని నిర్లక్ష్యము చేసినవానికి వ్రేలు పోలేదు గనుక పరిహారము రాకపోవచ్చును. పట్టు మాత్రము పోవును.

బొటనవ్రేలి మొదలు కీలు తప్పినప్పుడు రెండు రీతులు కలవు. మొదటి రీతిలో వ్రేలు చేతి వీఁపు వైపునకు నిట్టనిలువుగా లేచి నిలుచును. చూచువారికి భయము కలుగును. రెండవ రీతిలో వ్రేలు అంతగా లేవక, క్రిందియెముకకు ఇంచుమించు సమముగా, కొంచెము పొట్టియై యుండును. అఱచేతివైపు చర్మమున చిన్న గుంట పడును. చూచుటకు రెండవది స్వల్పముగా తోచును. యథార్థమున కష్టమైనది రెండవదే. ఏలయన, తెగిన అడుగుపలక రెండు ఎముకల నడుమ దూఱి తలుపుసందున గుడ్డవలె ఇఱుకుకొనియుండును. ఎంత లాగినను అది రాదు, లాగినకొలది బిగియును. శస్త్రముచే ఆ పొరను తొలగించిననే కీలు కూర్చుండును. ఇందు గమనింపవలసిన దేమనగా, మొదటి రీతిలో నున్న వ్రేలిని తెలియనివాడు బలముగా గుంజుట వలననే ఆ పొర లోనికి దూఱి అది రెండవ రీతిగా మాఱవచ్చును. అనగా అయిదు నిమిషములలో సరిపడు కీలు గుంజుటచే శస్త్రమునకు పాలగును. చూపుడువ్రేలి మొదలు కీలునందును ఇట్టి చిక్కు కలదు. దానిని న్యూయార్కు శస్త్రవైద్యుడు కాప్లాన్ 1957లో వర్ణించెను. ఎముక తల అచట గుండీకన్నమున గుండీవలె చిక్కుకొనును.

బొటనవ్రేలికి మఱియొక రహస్యపు దెబ్బ కలదు. వ్రేలు చేతినుండి దూరముగా విఱుచుకొనిపోయినప్పుడు, చూపుడువ్రేలి వైపున నుండు బంధము తెగును. కీలు ఒక్క క్షణము తప్పి తనంతట తానే కూర్చుండును గనుక ఆకారమున మార్పు కనబడదు. కుందేళ్ళ మెడలు విఱుచు వృత్తిగల స్కాట్లండు వేటకావలివాండ్రలో ఈ బంధము క్రమముగా సడలిపోవుటను కాంబెల్ అను వైద్యుడు 1955లో వెల్లడించెను. తెగిన బంధపు కొన పైనున్న పొర మీదికి మడిచిపోయినచో ఎన్నినాళ్ళు కట్టు కట్టినను అతుకదని స్వీడను దేశపు స్టెనర్ 1962లో చూపెను. గుర్తు సులభము: బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ కాగితమును గాని తాళపుచెవిని గాని గట్టిగా పట్టలేకపోవుట, కీలు లోపలివైపు నొక్కిన బాధ. మోటారుసైకిలు మీదనుండి పడినవారిలో ఈ గుర్తును తప్పక వెదకవలెను. వెంటనే కనుగొన్నచో చికిత్స సులువు. నెలలు గడచిన పిమ్మట కష్టము.

ఇక కట్టువైద్యమును గూర్చి. దీనిని తేలికగా త్రోసివేయుట న్యాయము కాదు. సుశ్రుతసంహిత భగ్నములను కీలు తప్పుట, ఎముక విఱుగుట అని రెండుగా విభజించి, మొదటిదానిని ఆఱు విధములుగను, రెండవదానిని పండ్రెండు విధములుగను వివరించినది. వ్రేలిని సమముగా నిలిపి, సన్నని గుడ్డతో చుట్టి, నేతితో తడుపుమని చెప్పినది. కట్టును చలికాలమున ఏడు దినములకు, సమకాలమున అయిదు దినములకు, వేసవిలో మూడు దినములకు మార్పుమని కూడ చెప్పినది. వేడిలో వాపు హెచ్చును, కట్టు బిగియును అను నెఱుక ఇందు దాగియున్నది. తమిళదేశపు పట్టణములలో నేడు వీధివీధినను కనబడు 'పుత్తూరు కట్టు' అను బోర్డు తెలుగునేల పేరే. తిరుపతి చెంతనున్న పుత్తూరు ప్రక్క పల్లెలో ఒక రాజుల కుటుంబమువారు పందొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి ఆకుపసరుతోను, కోడిగ్రుడ్డు సొనతోను, వెదురుబద్దలతోను కట్టు కట్టుటచే ఆ యూరికి ఈ ఖ్యాతి వచ్చినది. కోయంబత్తూరు, మధురలలోని తెలుగువారికి ఆ బోర్డు చూచినప్పుడు స్వజనాభిమానము కలుగుట సహజమే. కాని పుత్తూరు పేరు వ్రాసికొన్న ప్రతి అంగడికిని పుత్తూరితో సంబంధమున్నదని నమ్మరాదు. చేయి తిరిగినవాడు సాధారణమైన తప్పుడు కీలును కూర్చగలడు, నిజమే. చేతితో తెలియనిది లోపలి చీలిక. 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌కిరణములు చూపునది దానినే. ఎక్స్‌రే లేక కట్టిన కట్టు క్రింద విఱిగిన ముక్క వంకరగా అతుకుట, బిగికట్టు క్రింద రక్తము ఆడక వ్రేలు నల్లబడుట, ఈ రెండు ఉపద్రవములను ఆస్పత్రులవారు తఱచుగా చూచుచున్నారు. సుశ్రుతుడు కట్టు మార్చుమన్న దినముల లెక్కను పాటించినను ఈ రెండవది చాలవఱకు తప్పెడిది.

దెబ్బ తగిలిన తక్షణము చేయవలసినవి కొన్ని. మొదట ఉంగరము తీయవలెను. వాపు వచ్చిన పిమ్మట తీయుటకు వీలుకాదు, అది వ్రేలికి ఉరియగును. జాఱకున్నచో సబ్బునీరు గాని నూనె గాని రాచి త్రిప్పుచు తీయవలెను. కదలనిచో కత్తిరింపవలెను, బంగారమునకు వెనుదీయరాదు. వ్రేలిని ఉన్న వంపులోనే ఉంచి, క్రింద ఐస్‌క్రీము పుల్లను గాని మడిచిన అట్టను గాని పెట్టి, మెత్తని గుడ్డతో వదులుగా చుట్టవలెను. మంచుగడ్డను నేరుగా కాక గుడ్డలో చుట్టి, పదునైదు ఇరువది నిమిషములు ఉంచి తీయుచుండవలెను. చేతిని గుండెకంటె ఎత్తుగా నిలుపవలెను. నూనె మర్దనము, వేడి కాపడము ఆనాడు పనికిరావు. రెండును వాపును పెంచును. తరువాత గోరును నొక్కి విడువవలెను. తెల్లబడిన గోరు రెండు లెక్కపెట్టునంతలో ఎఱ్ఱబడిన రక్తము ఆడుచున్నదని తెలియును. వ్రేలికొన చల్లబడి, తెల్లగానో నీలముగానో మాఱినను, తిమ్మిరెక్కి స్పర్శ తెలియకున్నను, చర్మము చీలి ఎముక కనబడినను గడియ ఆలస్యము చేయరాదు. చీలిన చోటను శుభ్రమైన తడిగుడ్డతో కప్పి తీసికొనిపోవలెను. పసుపు, సున్నము, కాఫీపొడి అద్దరాదు. కీలులోనికి చీము చేరినచో వ్రేలు దక్కుట కష్టము.

ఆస్పత్రిలో జరుగు పద్ధతి తెలిసినచో భయము తగ్గును. ముందు ఎక్స్‌రే తీయుదురు. పిమ్మట వ్రేలి మొదట సూదివేసి మొద్దుబార్తురు. కూర్చువాడు వట్టిగా లాగడు. వ్రేలిని తప్పిన వైపునకే కొంచెము వంచి, పై యెముక మొదలును బొటనవ్రేలితో ముందునకు త్రోసి, తరువాత మడచును. 'టక్' మను చప్పుడుతో కీలు కూర్చుండును. మరల ఎక్స్‌రే తీసి, వ్రేలిని రోగిచేతనే వంచించి చూతురు; వంగుచు లేచుచు తప్పకుండ నిలిచినచో కూర్పు కుదిరినట్లు. మధురలో 1940లో ఎర్‌స్కిన్ పేరిట తెఱచిన, నేటి ప్రభుత్వ రాజాజీ ఆస్పత్రిలోను, కోయంబత్తూరు ప్రభుత్వ వైద్యకళాశాల ఆస్పత్రిలోను ఈ చికిత్స దొరకును. మిల్లు కార్మికులకు 1955 నుండి కోయంబత్తూరున అమలులో నున్న కార్మిక బీమా పథకముచే సింగానల్లూరు ఆస్పత్రి కలదు. చేతి శస్త్రమునకు కోయంబత్తూరు గంగా ఆస్పత్రి దేశాంతరములనుండి వైద్యులు వచ్చి నేర్చుకొనునంతటి పేరు గడించినది. 1978లో ఆరంభమైన ఆ ఆస్పత్రిలో హస్తశస్త్ర విభాగమును 1991 నుండి డాక్టరు రాజా సభాపతి పెంచి పోషించెను. సాధారణమైన నడిమి కణుపునకు అంతదూరము పోనక్కఱలేదు. ఎక్స్‌రే గల తాలూకా ఆస్పత్రి చాలును.

వైద్యునితో చెప్పునప్పుడు మూడు సంగతులు స్పష్టముగా చెప్పవలెను: దెబ్బ తగిలినప్పుడు వ్రేలు ఏ వైపునకు పోయినది, ఎవరైన అప్పటికే లాగిరా, ఎన్నాళ్ళైనది. మూడు వారములు దాటిన తప్పుడు కీలు లోపల మాంసము నిండి చేతితో కూర్చుండుట అరుదు, శస్త్రమే గతి. లాగినసంగతి దాచుట రోగికే నష్టము.

కూర్చిన తరువాతి నెలయే వ్రేలి భవిష్యత్తును నిర్ణయించును. ఇచట జనసామాన్యము పడు పొరపాటు అతిజాగ్రత్త. కట్టు ఎన్నినాళ్ళుంచిన అంత మంచిదని భావించి, నెలన్నర కదల్పకుండ ఉంచిన నడిమి కణుపు కొయ్యవలె బిగియును. వెనుకకు తప్పి, సుళువుగా కూర్చుండి, నిలకడగా నున్న కణుపునకు ప్రక్కవ్రేలితో జతచేసి మూడు మొదలు ఆఱు వారములు పట్టీవేయుట చాలును. రెండు వ్రేళ్ళ నడుమ కొంచెము దూది పెట్టి, కణుపులు వంగుటకు వీలుగా విడిచి చుట్టవలెను. మొదటి వారమునుండియే మెల్లగా వంచుట ఆరంభింపవలెను. అఱచేతి వైపునకు తప్పిన కణుపు సంగతి దీనికి విరుద్ధము. అందు పై కండరతాడు తెగియుండును గనుక నాలుగు మొదలు ఆఱు వారములు ఆ కణుపును నిటారుగానే నిలుపవలెను. బొటనవ్రేలికి మణికట్టు వఱకు వచ్చు కట్టు, ఇంచుమించు నాలుగు వారములు. ఈ మూడింటిలో తనది యేదియో రోగి వైద్యుని అడిగి తెలిసికొని, వీలైనచో కాగితముపై వ్రాయించుకొనవలెను. పొరుగువానికి చెప్పిన దానిని తాను పాటించుట ఇందు అపాయకరము.

వంచు అభ్యాసమునకు వేఱు సాధనములు వలదు. గోరువెచ్చని నీట చేయి ముంచి, పిడికిలి ముడిచి విప్పుట, మెత్తని చపాతిపిండిని పిసుకుట, బల్లపై అఱచేయి పఱచి ఒక్కొక్క వ్రేలిని లేపుట, దినమునకు నాలుగైదు సార్లు చేసిన చాలును. నొప్పి కొంచెము కలుగుట సహజము. మరునాటికి వాపు హెచ్చినచో మితిమీఱినదని గ్రహింపవలెను. ఆటగాండ్రు మరల ఆటకు దిగిన పిమ్మట కూడ కొన్ని నెలలు ఆ వ్రేలిని ప్రక్కవ్రేలితో పట్టీవేసికొనుట మేలు. వాపు ఆఱునెలల వఱకు, కొందఱికి సంవత్సరము వఱకు నిలుచును. కణుపు ఎన్నటికిని కొంచెము లావుగా మిగులుటయు కలదు. అందుచే తీసిన ఉంగరమును కంసాలికిచ్చి పెద్దది చేయించుటకు తొందరపడక, ఒక యేడాది ఆగి, అప్పటి కొలతను బట్టి చేయించుట మంచిది.